యుద్ధకాలమున గృహజీవనము

యుద్ధచరిత్ర మనగా సేనానుల పేర్లును, జయాపజయములును మాత్రమే యని సామాన్యముగ దలంతురు. సేనలు నడచుచున్నవేళ నింట పొయ్యి యెట్లు రాజుకొనెనో వ్రాసినవా రరుదు. కులబాంధవులకును, పోషకమహాశయులకును మేము విన్నవింపదలచిన దా రెండవ చరిత్రమే.

1942వ సంవత్సరము మార్చి 8వ తేదీన రంగము జపానువారి వశమయ్యెను. ఏప్రిల్ 6వ తేదీన వారి విమానములు విశాఖపట్టణముమీదను, కాకినాడమీదను బాంబులు వేసెను. ఈ రెండు వార్తలును మన తీరమున పెక్కిండ్ల కొక్కటే దుఃఖమయ్యెను. ఏలయన, ఈ రేవులనుండియే పొగయోడ లెక్కి కూలికై రంగము పోయిన తెలుగువారు పెక్కండ్రు. ఓడ దొరకనివారు కొండలును అడవులును దాటి కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. ఆకలికిని, విషజ్వరమునకును, విషూచికిని వేలకొలది జనులు త్రోవలోనే బలియైరి. మనియార్డరు నిలిచిపోయిన యింటి యిల్లాలు, పెనిమిటి బ్రదికియున్నాడో లేడో యెరుగక, నుదుట కుంకుమ దిద్దుకొనుటకే వెరచిన దినము లవి.

ఆ ఏప్రిల్ నెలలోనే చెన్నపట్టణమున పనిలేనివారు పట్టణము విడిచిపోవుట మేలని ప్రభుత్వమువారు హెచ్చరించిరి. తీరపట్టణములనుండి జనులు పిల్లలతో, బిందెలతో, మూటలతో పల్లెలలోని బంధువుల యిండ్లు చేరిరి. ఒక పొయ్యిమీద రెండు మూడు సంసారములు సాగవలసివచ్చెను.

అంతకంటె పెద్దయిబ్బంది బియ్యము. యుద్ధమునకు పూర్వము బర్మానుండి యేటేట పదిలక్షల టన్నులకు మించిన బియ్యము హిందూదేశమునకు వచ్చుచుండెను. అది యొక్కసారిగ నాగిపోగా ధరలు పెరిగెను. ధాన్యము దాచి లాభపడినవారును లేకపోలేదు. పట్టణములలో రేషను కార్డులు వచ్చెను. కిరసనాయిలు చుక్కలు లెక్కించి వాడవలసివచ్చెను. 1943లో బట్టలకును కంట్రోలు విధింపబడెను. రాగి పొదుపునకై నడుమ రంధ్రముగల చిల్లికాణి యా యేటనే వెలువడెను. యుద్ధము 1945లో ముగిసినను, చెన్నరాష్ట్రమున బియ్యపు కంట్రోలు 1952లో రాజగోపాలాచారిగారు తొలగించుదాక జనులను వీడలేదు.

ఈ భారమెల్ల నెవరు మోసిరి? కొలతబియ్యమును పదిమందికి సరిపుచ్చి, తాను గంజితో సరిపెట్టుకొన్న గృహిణియే కదా! దాతల నామములు మన సంచికలలో నచ్చుపడుచున్నవి, అది న్యాయమే. కాని యందరికిని వడ్డించి చివర కూర్చున్న యా తల్లి పేరు మాత్ర మే పట్టికయందును గానరాదు. మనలో తాతల పేర్లు ఏడుతరములు చెప్పగలవారు సయితము ముత్తవ పేరడిగిన తడబడుదురు.

కావున మా ప్రార్థన యొక్కటి. ఆనాటి దినములు చూచినవారు నేడు కొలదిమందియే మిగిలియున్నారు. వారి మాటలను వెంటనే వ్రాసికొనుడు. పాతపెట్టెలలోని పద్దుపుస్తకములను, రంగమునుండి వచ్చిన యుత్తరములను, చిరిగిన రేషను కార్డులను చిత్తుకాగితములని పారవేయకుడు. వానిని భద్రపరచుటకు పోషకులు కొంత ద్రవ్యము వెచ్చింతురేని, అదియు నన్నదానముతో సమానమైన పుణ్యమే యని మా విశ్వాసము.