చెఱువునకు తావు చూచుట



మన అనంతపుర సీమలో పడు వాన కొలది. ఆ కొలది నీటిని ఎచ్చట నిలుపవలయుననుటయే మన పూర్వుల మొదటి విచారము. ఆ తావు నెట్లు చూచెడివారో, నేడెట్లు చూచుచున్నారో విన్నవించెదను.

పొరుగున కడప సీమలో పోరుమామిళ్ల చెఱువు కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు దానిని కట్టించి, 1369లో శాసనము వేయించెను. మంచి చెఱువునకు పండ్రెండు అంగములును, ఆఱు దోషములును అందు చెప్పబడినవి. నేల గట్టిదై యుండవలెను. కట్ట కొండల నానుకొనవలెను. తీయని నీటి యేఱు దూరమునుండి రావలెను. రాయి దగ్గఱ దొరకవలెను. కట్ట యూరుట, చవిటినేల, నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు పెద్దదగుట దోషములు. జలశాస్త్ర మెఱిగినవాడును ఒక యంగమే. అతడు కాలినడకన తిరిగియే తావు నిర్ణయింపవలసి యుండెను.

పిదప కొలతలు వచ్చెను. 1802లో మద్రాసు వద్ద మహాత్రికోణ సర్వే నారంభించిన లాంబ్టన్ దొర, 1811లో మన గుత్తి వద్ద ఆధారరేఖను కొలిచెను. ఒక్క రేఖను నేలపై కొలిచి, కొండకొమ్ములనుండి కోణములు చూచినచో, నడువని దూరములును లెక్కకు వచ్చును. 1988లో మన దేశపు ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహము ఆకాశమునుండి భూమిని చూడసాగెను. 2009లో ఇస్రోవారు ‘భువన్’ అను పటములను అంతర్జాలమున నెల్లరకు నందించిరి. ఇప్పుడు హైదరాబాదున కూర్చుండియే మన వంకల పోకను చూడవచ్చును.

గత వేసవిలో, ఇంజనీరు చదువు చదువుచున్న నా మనుమడు మా యూరి చెఱువును ఫోనులో చూపెను. గర్భము పచ్చగా నుండెను. “తాతా, పైరు బాగున్నది” అనెను. అది పైరు కాదు, సర్కారు తుమ్మకంప! వానిని వెంటబెట్టుకొని పోయి చూపితిని. వాడును నాకొకటి చూపెను: గుట్ట కావల పాత వంక యొకటి బాటకట్టచే తెగియున్నది. అఱువదియేండ్లు ఈ యూర నుండియు నేనది యెఱుగను. చెఱువేల నిండుట లేదో ఆనాడు తెలిసెను.

కావున ఏ చూపును తక్కువది కాదు. నడుమ మిట్టను, నీటికిని ఆయకట్టునకును గల పొంతనను పైనుండి పోల్చవచ్చును. నీటి తీపి నాలుకకును, కట్ట యూట దానిపై నడచినవానికిని తెలియును. అధికారులు పటముతో మీ యూరికి వచ్చినప్పుడు, పెద్దలారా, ఊరకుండకుడు. ఏ వంక ఏ యేట పాఱినదో చెప్పి, పటముపై గుర్తు పెట్టింపుడు. మనము చెప్పనిది మనతోనే పోవును.