పల్నాటి జొన్నకూడు – మనఃస్థితి

శ్రీనాథుని పేర ప్రచారమందున్న చాటువులు కొన్ని పల్నాటి భోజనమును ఎత్తిపొడుచుచున్నవి. సన్నన్నమునకు అలవడిన కవికి అచటి జొన్నకూడు మింగుడుపడలేదని వానివలన తెలియుచున్నది. వీనిని వినోదమునకై చదువుట పరిపాటి. తిండి మారినప్పుడు మనస్సెట్లు కలతపడునో తెలుపు సాక్ష్యముగా కూడ వీనిని గ్రహింపవచ్చునని మా అభిప్రాయము. అయితే అది బాటసారి సాక్ష్యము. ఆ కూడే ఆధారముగా బ్రదికినవారి మనస్సును గూర్చి అది ఏమియు చెప్పదు.

అన్నమునకును మనస్సునకును గల సంబంధమును ప్రాచీనులు గుర్తించిరి. ఛాందోగ్యోపనిషత్తున శ్వేతకేతువు పదునైదు దినములు ఉపవసించి, చదివిన వేదమును జ్ఞప్తికి తెచ్చుకొనజాలకపోయెను. భుజించిన పిమ్మట అది మరల స్ఫురించెను.

ఆధునిక వైద్యమున దీనికి నిదర్శనము పెల్లాగ్రా. ఈ వ్యాధి చర్మమును, జీర్ణకోశమును, తుదకు బుద్ధిని చెరచును. నిద్రలేమి, దిగులు, మతిభ్రమ దాని లక్షణములు. నియాసిన్ అను విటమినుతో ఇది కుదురునని 1937లో తేలినది. మొక్కజొన్న ప్రధానాహారముగా గలవారి వ్యాధిగా ప్రసిద్ధమైన దీనిని, హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలకు చెందిన డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరుడు దక్కనులోని జొన్న తినువారియందును చూచి 1960లో ప్రకటించిరి. జొన్నలోని లూసిన్ ఆధిక్యమే కారణమని వారు ప్రతిపాదింపగా, తరువాతివారు కొందరు సందేహించిరి. ఆ వాదమెట్లున్నను, జొన్న తప్ప వేరొకటి కంచమునకు రాని పేదరికమే వ్యాధికి తావిచ్చుచున్నదనుట స్పష్టము. పప్పు, పాలు తోడైనచో జొన్నకూడు మంచి ఆహారమే.

2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరిన చిలకలూరిపేట మొదలు మాచర్ల వరకు గల మెట్టపొలములు ఒకప్పుడు వానపైననే ఆధారపడియుండెను. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ క్రింద వరి పండెను. శ్రీనాథుడు కోరిన సన్నన్నము పల్నాటికి వచ్చినది. అయినను మరపట్టిన తెల్లబియ్యమున విటమినులు తగ్గిపోవును. అదియొక్కటే కడుపు నింపుచున్నచోట పాతలోపము క్రొత్తరూపమున నిలిచియే యుండును.

పన్నెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు కులభేదము పాటింపక అందరిని ఒకచో కూర్చుండబెట్టి చాపకూడు పెట్టించెనని పల్నాటికథ చెప్పుచున్నది. ఒక పంక్తిని భుజించుటవలన మనస్సులు కలియునని ఆనాటివారు ఎరిగియుండిరి. పల్నాటిచరిత్రను వ్రాయువారు యుద్ధములతోపాటు, ఎవరు ఏమి తినిరో, ఎవరి సరసన తినిరో కూడ పరిశీలించినచో, ఆ జనుల మనఃస్థితి మనకు మరింత స్పష్టముగా బోధపడును.