తిత్తి నాపిన పిదప

గండికోటలో పెన్న గండియంచున నిలిచినపుడెల్ల మాకొక పాతకథ జ్ఞప్తికి వచ్చును. 1652వ సంవత్సరమున తావెర్నియే యను ఫ్రెంచి రత్నవర్తకుడు మీర్ జుమ్లాను దర్శింప నిచటికి వచ్చెను. పెమ్మసానివారి దుర్గ మప్పటికే గోలకొండవారి వశమైయుండెను. దేవాలయముల రాగి విగ్రహములను గరగించి ఫిరంగులు పోయుట కొక ఫ్రెంచివాడు నియుక్తుడయ్యెననియు, ఆరు పెద్ద విగ్రహములు మాత్ర మెంత మంటకును గరగకపోగా, పూజారులు మంత్రించిరని మీర్ జుమ్లా వారిని బెదరించెననియు నా వర్తకుడు వ్రాసియున్నాడు. కొలిమిని బరీక్షింపక పూజారులను బరీక్షించుట! మన యిండ్లలో నీ న్యాయ మింకను జెల్లుచునే యున్నది, అది యటుండనిండు.

కొలిమిని బరీక్షింపదలచినవా డడుగవలసినది, ఈ వేడిలో బయటినుండి మన మిచ్చున దెంత, నిప్పు తానుగా బుట్టించున దెంత యని. సూర్యునిలోని యగ్నిని భూమిమీద వెలిగింపజూచిన శాస్త్రజ్ఞుల కీ ప్రశ్నకు సమాధానము దొరకుట కేండ్లు పట్టినవి.

డ్యూటీరియము, ట్రిటియము అను రెండు విధముల హైడ్రోజను కేంద్రకములు కలిసినపుడు ఒక న్యూట్రానును, ఒక హీలియము కేంద్రకమును బుట్టును. శక్తిలో నైదింట నాలుగుపాళ్లు న్యూట్రాను గొనిపోవును. దానికి విద్యుదావేశము లేదు గనుక అయస్కాంతపు కోట దానిని నిలుపజాలదు. హీలియము మాత్రము లోపలనే చిక్కి, తన యైదవపాలును ముఖ్యముగా నెలక్ట్రానులకు బంచిపెట్టును. ఇదియే నిప్పు తనకు దా నిచ్చుకొను వేడి. చిక్కేమనగా, బయటినుండి పంపు కణధారలును ఆ ప్లాస్మానే వేడిచేయుచుండును. కలిసిపోయిన వేడులను విడదీయుట యెట్లు?

1997లో ఇంగ్లండున కల్హాములోని జెట్ యంత్రముకడ నొక యుపాయము పన్నిరి. బయటి వేడిని దాదాపు 10 మెగావాట్లకడ మార్పులేక యుంచి, ట్రిటియము పాలును మాత్రము మార్చుచు బోయిరి. ట్రిటియము బరువైనది గాన వేడి హెచ్చినదందురేమో. అట్లయినచో శుద్ధ ట్రిటియమున వేడి మిక్కుటము కావలెను. కాలేదు. రెండును ఇంచుమించు సగపాళ్లుగా నున్నచోట, అనగా కలయిక యధికమగుచోటనే, ఎలక్ట్రానుల వేడి శిఖర మందినది. హీలియ మిచ్చినది 1.3 మెగావాట్లు, నడిమి యెలక్ట్రానుల వేడి దానివలన సుమారు కోటిన్నర డిగ్రీలు హెచ్చెను.

అయినను, మన తార్కికుల మాటలో నది యనుమానప్రమాణము. ప్రత్యక్షముకొరకు 2021లో తిత్తినే యాపిరి: అదే యంత్రమున, కలయిక ముమ్మరముగా నున్న క్షణమున, కణధారలను నిలిపివేసి చూచిరి. (తిత్తి గాలి నిచ్చును, ధార వేడినే యిచ్చును, పోలిక యింతవరకే.) ముందు పంపిన కణముల వేడియు గొంతసేపు నిలుచును గదా యని శంక. అందుకే డ్యూటీరియము మాత్రమే గల ప్లాస్మాతోను అదే పని చేసి సరిపోల్చిరి. మేము శిరసు వంచునది యీ శంకకే. అందు గానరాని వేడి ట్రిటియము గలదానిలో నెలక్ట్రానులకు జేరుచుండుట తేలినది. ఫలితము 2023లో ప్రకటింపబడెను.

ఆ సంవత్సరము డిసెంబరులోనే జెట్ యంత్రము నాపివేసిరి. నలువదియేండ్లలో నందలి నిప్పు తిత్తి లేక నిలిచి మండినది మాత్ర మెన్నడును లేదు.