ఆహార నియమంలో స్వసామర్థ్య విశ్వాసం

ఆహార నియమంలో స్వసామర్థ్య విశ్వాసం అనగా, ఆటంకాలు ఎదురైనప్పటికీ ఆరోగ్యకరమైన ఆహారపు అలవాట్లను తాను కొనసాగించగలనని ఒక వ్యక్తికి గల నమ్మకం. దీనిని ఆంగ్లంలో డైటరీ సెల్ఫ్-ఎఫికసీ అంటారు. పోషకాహార పరిజ్ఞానం వేరు, ఈ నమ్మకం వేరు. దంపుడు బియ్యం మేలని తెలిసిన విద్యార్థి కూడా పరీక్షల ముందు రాత్రి మిర్చి బజ్జీలు, శీతల పానీయాలతో గడపడం అరుదేమీ కాదు. ఇల్లు విడిచి హాస్టలులో చేరినప్పుడు ఏమి తినాలన్న నిర్ణయం చాలామందికి మొదటిసారిగా తమ చేతికి వస్తుంది. అందువలన ఈ విషయమై అనేక పరిశోధనలు కళాశాల విద్యార్థులపై జరిగాయి. విశ్వవిద్యాలయాలలోని పరిశోధకులకు విద్యార్థులు సులభంగా లభించడం కూడా ఇందుకు ఒక కారణమే.

భావన

స్వసామర్థ్య విశ్వాసం అనే భావనను ఆల్బర్ట్ బండూరా (1925–2021) 1977లో ప్రతిపాదించాడు. కెనడాలో జన్మించిన ఈ మనస్తత్వ శాస్త్రవేత్త అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా పనిచేశాడు. అతని ప్రకారం ఈ విశ్వాసానికి నాలుగు మూలాలు ఉన్నాయి: స్వానుభవంలో పొందిన విజయం, తనవంటి వారు సాధించగా చూడడం, ఇతరుల ప్రోత్సాహం, శారీరక మానసిక స్థితి. వీటిలో మొదటిది అత్యంత బలమైనది. కనుక ఒక్కసారిగా భోజనమంతా మార్చుకొనుటకంటే, రోజూ ఒక పండు తినడం వంటి చిన్న నియమంతో ఆరంభించడం ఈ సిద్ధాంతానికి దగ్గరగా ఉంటుంది.

కొలిచే విధానం

"మీకు ఆత్మవిశ్వాసం ఉన్నదా?" అని అడిగితే ప్రయోజనం స్వల్పం. స్నేహితులు బిర్యానీకి పిలిచినప్పుడు, దిగులుగా ఉన్నప్పుడు, చదువు ఒత్తిడిలో ఉన్నప్పుడు నియమం పాటించగలరా అని సందర్భాన్ని బట్టి అడుగుతారు. బండూరా సూచించిన పద్ధతిలో సమాధానాన్ని 0 నుండి 100 వరకు గల అంకెలలో తెలుపవలెను. జర్మనీకి చెందిన రాల్ఫ్ ష్వార్జర్, బ్రిట్టా రెన్నర్ రూపొందించిన కొలమానంలో 5 వాక్యాలే ఉన్నాయి.

నియమభంగం తరువాత

అసలు పరీక్ష నియమం తప్పిన మరునిమిషంలో ఎదురవుతుంది. 1975లో పీటర్ హెర్మన్, డెబోరా మాక్ అమెరికాలో కళాశాల విద్యార్థినులపై ఒక ప్రయోగం ప్రచురించారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ ఇచ్చి, తరువాత రుచి చూసే నెపంతో ఐస్‌క్రీం ఇచ్చారు. మామూలుగా తినేవారు మిల్క్‌షేక్ తాగిన తరువాత ఐస్‌క్రీం తక్కువగా తిన్నారు. తిండిని కట్టడి చేసుకొనే అలవాటు ఉన్నవారు మాత్రం మరింత ఎక్కువగా తిన్నారు. "ఎలాగూ తప్పింది కదా, ఇంకెంత తింటేనేమి" అనే ఈ ధోరణిపై తరువాత హెర్మన్, జానెట్ పొలివీ విస్తృతంగా పరిశోధించారు. ష్వార్జర్ తన సిద్ధాంతంలో, తప్పిన తరువాత తిరిగి దారిలో పడగలనన్న నమ్మకాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు. అతి కఠిన నియమాలు పెట్టుకొనే విద్యార్థికి అన్నిటికంటే అవసరమైనది బహుశా ఇదే.

పరిమితులు

తగిన నైపుణ్యం, ప్రేరణ లేనిచో నమ్మకం ఒక్కటే పని చేయదని బండూరా 1977లోనే పేర్కొన్నాడు. నమ్మకం ఎంత ఉన్నా తినే కొలత తగ్గించుకుంటూ పోవడం ఆరోగ్యకరమైన నియమం అనిపించుకోదు. అది ఆహార సంబంధ మానసిక రుగ్మతకు చిహ్నం కావచ్చు. ఇక అందుబాటు మరొక సమస్య. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినవలెనని సూచిస్తుంది. నీళ్ళ సాంబారు, బంగాళాదుంప కూర తప్ప వేరేమీ వండని మెస్సులో భోజనం చేసే విద్యార్థికి తక్కువ అంకె వచ్చినచో, ఆ లోపం విద్యార్థిది కాదు, మెస్సుది.