ఆయుధం దారిలోనే ఆయువు దారి

విశాఖ బీచ్ రోడ్డులో నిలిచిన కుర్సురా జలాంతర్గామి మ్యూజియానికి 2027 ఆగస్టుతో పాతికేళ్లు నిండుతాయి. ఈ సందర్భంలో యుద్ధాన్నీ వీరత్వాన్నీ చెప్పే వ్యాసాలు చాలానే వస్తాయి, రావాలి కూడా. కానీ ఆ ఉక్కు కడుపులో దాచిపెట్టిన వస్తువుల్లో అన్నిటికన్నా విలువైనవి, ఆపద వస్తే లోపలివాళ్లు బతికి బయటపడడానికి అమర్చినవేనని నా వాదన. సముద్రానికి ఇంత దూరాన, నారాయణపేటలో కూర్చుని ఈ మాట ఎందుకంటే, నీళ్ల మీద ప్రాణం నిలపడమంటే ఏమిటో కృష్ణా నది ఒడ్డున బతికే మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

కుర్సురాలో ముందువైపు ఆరు, వెనకవైపు నాలుగు టార్పెడో గొట్టాలున్నాయి. ఒక్కోదాని వెడల్పు 53 సెంటీమీటర్లు, అంటే మూరెడుకు కాస్త ఎక్కువ. పొడవు మాత్రం ఏడు మీటర్లకు పైనే. చూసేవాళ్లు అక్కడ ఆయుధాన్నే చూస్తారు. కానీ సోవియట్ ఇంజనీర్లు ఆ గొట్టాన్నే తప్పించుకునే దారిగా కూడా లెక్కలోకి తీసుకున్నారు. జలాంతర్గామి సముద్రం అడుగున కూరుకుపోతే నావికులు శ్వాస పరికరం, ప్రత్యేక దుస్తులు తొడుక్కుని ఒకరి వెనక ఒకరు ఆ గొట్టంలోకి పాకుతారు. వెనక మూత బిగించి, నీళ్లు నింపి, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానమయ్యాకే ముందు మూత తెరుస్తారు. ఆ చీకట్లో, భుజాలు ఇనుముకు రాసుకుంటూ, చుట్టూ నీళ్లు పెరుగుతుంటే ఊపిరి నిబ్బరంగా పీల్చుతూ ఆగాలి. అవతలి మనిషిని చంపడానికి చేసిన గొట్టమే ఇవతలి మనిషికి ప్రాణం పోసే దారి. ఏడు గదుల మధ్య ఉన్న గుండ్రటి తలుపులు కూడా అందుకే: ఒక గదిలోకి నీళ్లొస్తే పక్క గది మిగలాలి.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. కుర్సురా 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరింది. 91 మీటర్ల పొడవు, సిబ్బంది డెబ్బై ఐదుగురు. 1971 యుద్ధంలో గస్తీ కాసింది. 2001 ఫిబ్రవరి 27న విధులు ముగించింది. దాన్ని తుక్కుకు పోనివ్వకూడదన్న తలంపు అప్పటి తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ వినోద్ పస్రీచాది. ఆ ఒక్క తలంపు లేకపోతే ఈ రోజు ఈ మ్యూజియమే లేదు. అంత బరువును నీళ్లలోంచి ఇసుక మీదికి లాగి నిలబెట్టడం మామూలు పని కాదు. దానికి సుమారు అయిదున్నర కోట్ల రూపాయలు ఖర్చయింది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు, 24న జనానికి తలుపులు తెరిచారు. నౌకాదళానికి, నిర్వహణ చేపట్టిన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ(ఉడా)కు, పేర్లు రాయకపోయినా లాగిన, అతికిన, రంగేసిన కార్మికులకు, లోపల నిలబడి ఓపికగా వివరించే విశ్రాంత నావికులకు కృతజ్ఞతలు చెప్పడం మన విధి.

యుద్ధనౌకలో ప్రాణాలు కాపాడే కథను వెతకడమేమిటని అడగొచ్చు. విశాఖ తీరం చరిత్రే దానికి జవాబు. 1971 డిసెంబర్ 3–4 రాత్రి ఈ తీరానికి దగ్గర్లోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా మనుషులతో మునిగింది. ఆ శిథిలాన్ని పరిశీలించిన మన గజఈతగాళ్లు దిగింది నిస్తార్ మీది నుంచి. అది జలాంతర్గాముల సిబ్బందిని కాపాడేందుకే సోవియట్ యూనియన్ నుంచి తెచ్చుకున్న నౌక. ఇప్పుడు జలాంతర్గామి దాకా దిగి మనుషుల్ని తెచ్చే రక్షణ వాహనాలు వచ్చాయి కదా, పాత గొట్టాల కథ ఎందుకన్నది రెండో ప్రశ్న. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగాలా కనిపించకుండా పోయినప్పుడు, మర్నాడే విశాఖ నుంచి అలాంటి వాహనం బయలుదేరింది. ఎనిమిది వందల మీటర్లకు పైగా లోతున ముక్కలైన పడవలో 53 మందీ అప్పటికే మిగల్లేదు. బయటి సాయం ఎంత గొప్పదైనా దారిలో రోజులు గడుస్తాయి. అది చేరేదాకా లోపలి తలుపు, లోపలి ఊపిరే ఆధారం.

ఒక వెలితి మాత్రం చెప్పక తప్పదు. పాత నిస్తార్ 1989లో విధుల నుంచి తప్పుకుంది, మ్యూజియం మాత్రం కాలేదు. దాడి చేసే పడవకు ఒడ్డున పీఠం దక్కింది, కాపాడే పడవకు దక్కలేదు. 2025 జులై 18న విశాఖలోనే అదే పేరుతో కొత్త నౌక సేవలోకి వచ్చింది, హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టింది. ఆ సంతోషం పాత బాధను తీర్చదు. నిస్తార్ పనిని వివరించే ఒక గది కుర్సురా పక్కన ఇప్పటికైనా కట్టవచ్చు.

మన వైపు కూడా ఇదే లోటు. భీమా నది వచ్చి కృష్ణలో కలిసే తంగిడి దగ్గర, పంచదేవ్‌పహాడ్ నుంచి కురుమగడ్డకు దాటే రేవులో, మనుషుల్ని అవతలి ఒడ్డుకు చేర్చింది పుట్టి. వెదురు బద్దలు గుండ్రంగా అల్లి, ఒకప్పుడు తోలు, తర్వాత టార్పాలిన్ కప్పి, తారు పూసిన బుట్ట అది. ఒక్క తెడ్డుతో సుడుల మధ్య దాన్ని నిలిపినవాళ్ల పేర్లు ఎక్కడా రాతలోకి ఎక్కలేదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మ్యూజియంలో రాతి శిల్పాలను భద్రం చేసుకున్నాం. రాయి ఎండకు వానకు తట్టుకుంటుంది, వెదురు తట్టుకోదు. నారాయణపేట జిల్లా కేంద్రంలో ఒక పాత పుట్టికి, దాని తెడ్డుకు, దాన్ని అల్లిన మనిషి పేరుకు చోటు ఇవ్వాలంటే, అల్లడం తెలిసిన చేతులు ఇంకా మన మధ్య ఉండగానే ఇవ్వాలి.