అడవి నుంచి మహానగరానికి: బ్లాక్ మెటల్ చరిత్రలో ‘వైల్ లగ్జరీ’

వ్యాససంగ్రహం:
1990ల తొలినాళ్లలో నార్వేలో రూపుదిద్దుకున్న బ్లాక్ మెటల్ సంగీతం అడవిని, మంచును, ప్రాచీన గతాన్ని తన ప్రతీకలుగా స్వీకరించింది. న్యూయార్క్ బృందం ఇంపీరియల్ ట్రయంఫంట్ 2018లో వెలువరించిన ‘వైల్ లగ్జరీ’ ఆల్బమ్ ఆ స్థానంలో మహానగరాన్ని నిలిపింది. ఆ సంగీతప్రక్రియలో పాతుకుపోయిన ‘స్వచ్ఛత’ భావనను ఈ మార్పు ఎలా ప్రశ్నించిందో చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: బ్లాక్ మెటల్, అవాంగార్డ్ సంగీతం, న్యూయార్క్, ఆర్ట్ డెకో, జాజ్, నగరజీవితం.

1. ఉపోద్ఘాతం

ప్రతి సంగీతప్రక్రియ చుట్టూ ఒక ఊహాభూగోళం అల్లుకొని ఉంటుంది. బ్లూస్ అనగానే మిసిసిపీ డెల్టా పత్తిచేలు, హిప్‌హాప్ అనగానే న్యూయార్క్‌లోని బ్రాంక్స్ వీధులు శ్రోత మనసులో మెదులుతాయి. బ్లాక్ మెటల్ విషయంలో ఆ స్థానం ఉత్తర ఐరోపా అడవిది. హెవీ మెటల్ నుంచి చీలిన అత్యంత పరుషమైన శాఖల్లో ఇది ఒకటి. ఎడతెగకుండా వేగంగా మీటే గిటారు, ఊపిరి తీసుకోనివ్వని డ్రమ్ముల దరువు, కేకను పోలిన గాత్రం, కావాలనే మొరటుగా ఉంచిన ధ్వనిముద్రణ దీని ప్రధాన లక్షణాలు. నగరనాగరికతను తిరస్కరించడమే తన స్వభావమని చాటుకున్న ఈ సంగీతం మహానగరాన్నే వస్తువుగా ఎందుకు ఎంచుకుంది? ఎంచుకున్నప్పుడు దాని నిర్మాణంలో ఏమి మారింది? ఈ రెండు ప్రశ్నలకు ‘వైల్ లగ్జరీ’ ఆధారంగా సమాధానం వెతకవచ్చు.

2. అడవి: నగరవాసుల ఊహ

బ్లాక్ మెటల్ మూలాలను పరిశీలిస్తే మొదట కనిపించేది అడవి కాదు, పారిశ్రామిక నగరం. ఈ ప్రక్రియకు పేరునిచ్చిన ‘బ్లాక్ మెటల్’ ఆల్బమ్‌ను 1982లో వెలువరించిన వెనమ్ బృందానిది బొగ్గుకు, నౌకానిర్మాణానికి పేరుపొందిన ఇంగ్లండ్ నగరం న్యూకాజిల్. ఆ బాటను మరింత చీకటిలోకి నడిపించిన బాథరీ బృందం స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌ది.

నార్వేలోనూ పరిస్థితి ఇంతే. మేహెమ్ బృందానికి చెందిన ఓయ్‌స్టైన్ ఆర్‌సెత్ 1991లో రాజధాని ఓస్లోలో తెరిచిన ‘హెల్వెతె’ అనే రికార్డుల దుకాణం ఈ సంగీతకారులకు కూడలి అయింది. మంచును, చీకటిని గానం చేసిన డార్క్‌త్రోన్ బృందం ఓస్లో శివారు కోల్‌బోతన్‌లో పుట్టింది. మేహెమ్, బుర్జుమ్, ఎంపరర్ బృందాల ప్రసిద్ధ ఆల్బమ్‌లు బెర్గెన్ నగరంలోని గ్రీగ్‌హాలెన్ అనే సంగీతసభామందిరంలో ముద్రణ పొందాయి. అడవిగా శ్రోతకు వినిపించినది నగరం నడిబొడ్డున తయారైన ధ్వని. 1969లో ఉత్తర సముద్రంలో చమురు బయటపడిన తరువాత సంపన్నమైన దేశంలో పెరిగిన తరం ఇది. ఆ తరానికి అడవి నిత్యజీవితం కాదు. తాము జీవిస్తున్న సమాజాన్ని నిరాకరించడానికి నిర్మించుకున్న ప్రత్యామ్నాయ లోకం.

ఈ ఊహ నిరపాయకరంగా మిగలలేదు. 1992 నుంచి నార్వేలో చర్చిలను తగులబెట్టిన ఘటనలు జరిగాయి. 1993 ఆగస్టులో ఆర్‌సెత్‌ను మరొక సంగీతకారుడు హత్య చేశాడు. క్రైస్తవ పూర్వకాలపు స్వచ్ఛమైన నేల అనే భావన కొందరి చేతుల్లో స్వచ్ఛమైన జాతి అనే సిద్ధాంతంగా మారింది. నగరం పట్ల ద్వేషం నగరంలో కలిసి బతికే భిన్నజాతుల పట్ల ద్వేషంగా పరిణమించడానికి ఎక్కువ దూరం లేదని ఈ చరిత్ర నిరూపించింది. కాబట్టి అడవి, నగరం అనే ఎంపిక ఇక్కడ వర్ణనకు పరిమితమైన విషయం కాదు. అందులో ఒక సామాజిక దృక్పథం ఇమిడి ఉంది.

3. నగరం వైపు తొలి అడుగులు

ఆ దశాబ్దం ముగిసేలోపే నార్వే బృందాలు దారి మార్చడం మొదలుపెట్టాయి. 1999లో సాటిరికాన్ ‘రెబెల్ ఎక్స్‌ట్రావగాంజా’లోను, డోద్‌హైమ్స్‌గార్డ్ ‘666 ఇంటర్నేషనల్’లోను యంత్రధ్వనులను పోలిన కర్కశత్వం ప్రవేశించింది.

ఈ పరివర్తనకు స్పష్టమైన ఉదాహరణ ఉల్వర్ బృందం. ఆ పేరుకు తోడేళ్లు అని అర్థం. వారి తొలి ఆల్బమ్ ‘బెర్గ్‌తాత్’ (1995) కొండల్లోని అదృశ్యశక్తులు లాక్కుపోయిన యువతి గురించిన జానపదగాథ. ఐదేళ్ల తరువాత అదే బృందం ‘పర్డిషన్ సిటీ’ (2000) అనే రాత్రినగరపు సంగీతాన్ని వెలువరించింది. కానీ అందులో బ్లాక్ మెటల్ ఆనవాళ్లు లేవు. ఎలక్ట్రానిక్ ధ్వనులు, జాజ్ ఛాయలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. నగరంలో అడుగుపెట్టాలంటే బ్లాక్ మెటల్‌ను వదులుకోవలసిందేనా అనే ప్రశ్నను ఉల్వర్ ప్రస్థానం మిగిల్చింది.

4. ‘వైల్ లగ్జరీ’: నగరమే నిర్మాణసూత్రం

ఈ ప్రశ్నకు సమాధానం న్యూయార్క్ నుంచి వచ్చింది. గిటారిస్టు, గాయకుడు జాకరీ ఎజ్రిన్ 2005లో ప్రారంభించిన ఇంపీరియల్ ట్రయంఫంట్‌లో కాలక్రమంలో బాస్ వాద్యకారుడు స్టీవ్ బ్లాంకో, డ్రమ్మర్ కెన్నీ గ్రొహౌస్కీ స్థిరపడ్డారు. గ్రొహౌస్కీ న్యూయార్క్ ప్రయోగాత్మక సంగీతంలో ప్రముఖుడైన జాన్ జోర్న్ రచనలను వాయించిన కళాకారుడు. జోర్న్ అంతకు చాలా ముందే, 1980ల చివర, ‘నేకెడ్ సిటీ’ బృందంతో జాజ్‌ను, హార్డ్‌కోర్‌ను, సినిమా సంగీతాన్ని క్షణాల వ్యవధిలో ఢీకొట్టించాడు. న్యూయార్క్ నేరస్థలాలను చిత్రించిన వీజీ 1945 నాటి ఛాయాచిత్రసంపుటి పేరే ఆ బృందానికి ఆధారం. ఈ విధంగా ‘వైల్ లగ్జరీ’ వెనుక నార్వే సంప్రదాయంతో పాటు న్యూయార్క్ స్వీయసంప్రదాయం కూడా ఉంది.

‘నీచమైన విలాసం’ అనే అర్థమిచ్చే ఈ ఆల్బమ్‌లో ఎనిమిది రచనలున్నాయి. ‘స్వార్మింగ్ ఆప్యులెన్స్’, ‘లోయర్ వరల్డ్’, ‘గోథమ్ లక్స్’, ‘కాస్మోపోలిస్’, ‘ది ఫిల్త్’ వంటి శీర్షికలే ఐశ్వర్యం, అధోలోకం, మాలిన్యం ఒకే చోట పేరుకున్న నగరాన్ని సూచిస్తాయి. అయితే దీని ప్రత్యేకత శీర్షికలతో ఆగదు. నార్వే బ్లాక్ మెటల్‌లో ఒకే స్వరపంక్తి పలుమార్లు ఆవృత్తమై శ్రోతను ఒక నిశ్చలదృశ్యంలో నిలబెడుతుంది. మంచు కురిసే అడవికి ఆ పునరావృత్తి తగినది. ‘వైల్ లగ్జరీ’లో ఆ నిశ్చలత్వం లేదు. లయ ఆకస్మికంగా మారుతుంది. కుదురుకుందనుకున్న నడక మధ్యలోనే విరుగుతుంది. గిటారు స్వరస్థానాల మధ్య జారుతూ అపస్వరాన్నే ఆశ్రయంగా చేసుకుంటుంది. ఆరంభంలోనే వినిపించే ఇత్తడి వాద్యాలు జాజ్‌ను గుర్తుచేస్తూనే వాహనాల మోతను కూడా స్ఫురింపజేస్తాయి. పరస్పర సంబంధం లేని అనేక శబ్దాలు ఒకేసారి చెవిన పడే నగరానుభవం ఇక్కడ సంగీతనిర్మాణమైంది. అయినా వేగం, కేక, ఉగ్రత చెక్కుచెదరలేదు. ఉల్వర్ వదులుకున్నదాన్ని ఈ బృందం నిలుపుకొంది.

5. బంగారు ముసుగు

నార్వే కళాకారులు శవాన్ని తలపించేలా ముఖాలకు తెలుపు, నలుపు రంగులు పూసుకునేవారు. ఇంపీరియల్ ట్రయంఫంట్ సభ్యులు వాటికి బదులు ఆర్ట్ డెకో శైలిలో బంగారు వర్ణపు ముసుగులు ధరిస్తారు. ఈ శైలికి న్యూయార్క్‌లో ప్రసిద్ధ నిదర్శనాలు 1930లో పూర్తయిన క్రైస్లర్ భవనం, 1931లో ప్రారంభమైన 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ భవనం. 1929 అక్టోబరులో షేర్ మార్కెట్ కుప్పకూలి, మహామాంద్యం నిరుద్యోగులను ఉచిత ఆహారం కోసం వరుసల్లో నిలబెట్టిన కాలంలోనే ఆ శిఖరాలు ఆకాశాన్ని అందుకున్నాయి. అద్దెకు వచ్చేవారు లేక ఎంపైర్ స్టేట్ భవనాన్ని జనం ‘ఎంప్టీ స్టేట్’, అంటే ఖాళీ భవనం, అని ఎగతాళి చేశారు. వైభవం, దైన్యం ఒకే కాలంలో, ఒకే వీధిలో నిలిచిన ఆ వైరుధ్యాన్ని బంగారు ముసుగు స్ఫురింపజేస్తుంది. శవవర్ణం మృత్యువును బాహాటంగా ప్రకటిస్తే, బంగారం దాన్ని కప్పిపుచ్చుతుంది. ‘లగ్జరీ ఇన్ డెత్’ అనే చివరి రచన శీర్షిక ఈ రెంటినీ ఒకచోట చేర్చింది.

6. ముగింపు

బ్లాక్ మెటల్ లోకాన్ని నిరాకరించే సంగీతం. నార్వే తరం ఆ నిరాకరణను నగరం వెలుపల, ఊహాజనితమైన అడవిలో నిలబడి ప్రకటించింది. ‘వైల్ లగ్జరీ’ దాన్ని నగరం లోపలి నుంచే ప్రకటించింది. తిరిగి వెళ్లడానికి స్వచ్ఛమైన నేల ఏదీ ఈ ఆల్బమ్‌లో లేదు. జాజ్ నుంచి తీసుకున్న లయలే దాని నిర్మాణం మిశ్రమమని తెలుపుతున్నాయి. అందువల్ల స్వచ్ఛత పేరిట జాతివాదానికి చోటిచ్చిన పాత ప్రతీకవ్యవస్థకు ఇక్కడ ఆధారం దొరకదు. అయితే ఈ విమర్శకు ఒక పరిమితి ఉంది. తాను ఖండించే విలాసపు మెరుపునే ఈ బృందం తన ఆకర్షణగా ధరించింది. ఆ ముసుగు ఎంతవరకు విమర్శ, ఎంతవరకు వ్యామోహం అనేది విడదీయడం కష్టం. మహానగరంలో బతుకుతూ మహానగరాన్ని ద్వేషించే మనిషి స్థితి కూడా అదే.