మంజీర అవతలి ఆట

మద్నూర్ బస్టాండులో నిలబడితే చెవిన మూడు భాషలు పడతాయి. టీ కొట్టు దగ్గర తెలుగు, పత్తి బండి పక్కన మరాఠీ, బెంచీ మీద కన్నడం. పడమటికి పోతే దెగ్లూరు, మహారాష్ట్ర. మీరు తూర్పు దారి పట్టండి. మంజీర వంతెన దాటి, పోతంగల్, కోటగిరి, రుద్రూర్ మీదుగా ఆ రోడ్డు బోధన్ చేరుతుంది.

బోధన్ పాత ఊరు. అశ్మక రాజ్యానికి రాజధాని అయిన పోదన ఇదేనంటారు చరిత్రకారులు. 1937లో నిజాం కట్టించిన చక్కెర కర్మాగారం 2015లో మూతపడింది. ఆ పక్కనే ఉన్న అమ్దాపూర్ చిందు ఎల్లమ్మ ఊరు. 2005లో కన్నుమూసిన ఆ మహానటి ఆడవేషం, మగవేషం రెండూ కట్టి మెప్పించింది. మనం వెళ్తున్నది ఈ చుట్టుపక్కల ఓ పల్లెకు. మాదిగవాడలో ఈ రాత్రి చిందు యక్షగానం.

వేషాలు కట్టుకునే చోటికి ముందే వెళ్లి కూర్చోండి. అసలు పని అక్కడే నడుస్తోంది. ఒకాయన రాతి మీద అర్దళం నూరుతున్నాడు. నీళ్లు చిలకరించిన కొద్దీ పసుపు చిక్కబడుతుంది. దాన్ని మొహమంతా పట్టించి, ఆరాక కనుబొమలు నల్లగా దిద్దుతారు.

"అన్నా, అద్దం జర ఇటు పట్టు" అంటుంది అల్లిరాణి వేషం కడుతున్నామె.

"పట్టిన గద చెల్లె, నువ్వే కదులుతున్నవ్."

పక్కన చాప మీద కిరీటం, భుజకీర్తులు. చూస్తే మోయలేనంత బరువనిపిస్తాయి. చేతిలోకి తీసుకుంటే దూది! పొనికి కర్రతో చేసినవి. నిర్మల్ బొమ్మలు చెక్కేదీ ఈ కర్రతోనే. రంగులేసి అద్దం ముక్కలు అతికిస్తే పెట్రోమాక్స్ కాలంలోనూ మెరిశాయి, ఇప్పటి ఎల్‌ఈడీ వెలుగులోనూ మెరుస్తున్నాయి.

మద్దెల మోగింది. తాళం కలిసింది. హార్మోనియం శ్రుతి పట్టింది. ఇద్దరు తెర పట్టుకు నిలబడ్డారు. తెర పైనుంచి కిరీటం అంచు, కింద గజ్జెల కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. దరువు ఊపందుకున్నాక తెర జారింది. రాణి ఒక్క చుట్టు తిరిగేసరికి ముందు వరుస పిల్లలు కాళ్లు వెనక్కి లాక్కున్నారు. మగవాళ్ల పొడ గిట్టని రాణి, ఆమె మీద మనసుపడ్డ అర్జునుడు. కథ అందరికీ తెలిసిందే. అయినా అర్జునుడు తడబడ్డప్పుడల్లా ఆడవాళ్ల వైపు నుంచి నవ్వులు.

ఇంతలో బుడ్డర్‌ఖాన్ దిగాడు. పురాణంలో లేని మనిషి, ఆటలో లేకపోతే జనం ఊరుకోని మనిషి. రాణిగారి కోటకు కాపలా వచ్చినవాడు సెల్‌ఫోను సిగ్నలు దొరకడం లేదని విసుక్కుంటాడు. పాత కథలోకి ఇవాళ్టి ముచ్చట నడిచొచ్చే దారి అతనే.

ఈ ఆటకు చిందువాళ్లను పిలవనక్కర్లేదు. ఏ కుటుంబానికి ఏ ఊళ్లో ఆడే మిరాశి, అంటే వంశపారంపర్య హక్కు, ఉందో తాతల నాడే పంచుకున్నారు. తాము జాంబవంతుడి సంతతి అని మాదిగలు చెప్పుకునే జాంబపురాణాన్ని ఆడి వినిపించేదీ వీళ్లే. ఆట వీళ్ల హక్కు, కట్నం వాడ బాధ్యత.

ఆ హక్కు చుట్టూ కులం గీత కూడా ఉంది. ఎల్లమ్మ దేవత వేషం కట్టిన మనిషి కాళ్లకు ఊరంతా మొక్కేది. రంగు కడిగాక అదే మనిషికి గుడి గడప దక్కేది కాదు. చిందు ఘనత చెప్పి ఈ మాట దాటేస్తే సగం కథే చెప్పినట్టు.

2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం ఢిల్లీది. ఈ పల్లెలో లెక్క తెల్లారాక తేలుతుంది. రంగు పూర్తిగా వదలని మొహాలతో కళాకారులు ఇంటింటికీ వస్తారు. కొందరు బియ్యం పోస్తారు, కొందరు నోటు చేతిలో పెడతారు. ఓ ముసలవ్వ మాత్రం చేట పట్టుకుని అక్కడే నిలబడింది.

"రాణి మంచిగ ఆడింది బిడ్డా. అర్జునునికే ఊపిరి సాల్తలేదు. వచ్చేడు పడుసు పోరన్ని తెండ్రి, లేకుంటె గింజ పొయ్య."

అర్జునుడు నవ్వి తలూపాడు. అవ్వ చేటెడు బియ్యం పోసింది. వచ్చే ఏటి అర్జునుడు ఎవరో వాళ్లు ఇప్పట్నుంచే చూసుకోవాలి.